మట్టి పూసిన ఎర్ర కారు

మొన్న రాయచోటిలో మా పక్కింటివాళ్ళ పెళ్ళికి వరుణ్ణి ఊరేగించడానికని టాపు లేని కారొకటి బాడుగకు తెప్పించారు. బంతిపూల దండలు చుట్టి, మేళగాళ్ళను ముందు నడిపించి, ఆ కారును సరిగ్గా మా గుమ్మం ముందు ఆపి, వీధికంతటికీ పెద్దదాన్ని కదా అని నన్ను కూడా ఎక్కి కూర్చోమని, ఒక ఫోటో తీసుకుంటామని పిల్లలు గోల చేశారు. వాళ్ళ సరదా ఎందుకు కాదనాలని లేచి వెళ్ళి తలుపు మీద చెయ్యి వేశానో లేదో, ఎండకు కాలిన రేకు వేడి అరచేతికి తగిలింది, చెయ్యి లాక్కుని రెండడుగులు వెనక్కి వేశాను. అవ్వకు సిగ్గు ముంచుకొచ్చిందని పిల్లలు నవ్వారు. నేనూ నవ్వి లోపలికి వచ్చి మంచం మీద కూర్చున్నాను గానీ, గుండె దడ తగ్గడానికి చాలాసేపు పట్టింది. అది సిగ్గు కాదు, భయం. ఇరాక్ సైన్యం కువైటులోకి దిగిన ఆ వేసవిలో అక్కడ చిక్కుకుపోయిన నా ఈడువాళ్ళెవరైనా ఇది చదువుతుంటే, వాళ్ళకు నేను విడమర్చి చెప్పనక్కర్లేదు.

అప్పుడు నేనూ మా ఆయనా ఒకే ఇంట్లో పనిచేసేవాళ్ళం. ఆయన డ్రైవరు, నేను ఇంటిపని. ఇంటి యజమానురాలిని అక్కడి అలవాటు ప్రకారం మామా అనేదాన్ని. మామా కోపిష్ఠి మనిషే, గ్లాసు పగిలితే వీధి చివరికి వినబడేలా అరిచేది. కానీ అన్నం దగ్గర మాత్రం నేను తిన్నానా లేదా అని చూడకుండా తను చెయ్యి కడుక్కునేది కాదు. భర్త పక్షవాతంతో మంచం పట్టాడు. ఒక్కడే కొడుకు, పై దేశంలో చదువు. ఆ కొడుకు ముద్దుగా కొనుక్కున్నదే ఆ ఎర్ర కారు. రెండు తలుపులు, పైన మడిచిపెట్టే గుడ్డ టాపు, వెనక పిల్లి పడుకునేంత సీటు. కొడుకు వచ్చినప్పుడు తప్ప దాన్ని నడిపేవాళ్ళు లేరు. వారానికోసారి ఇంజను స్టార్టు చేసి, వీధి మలుపు దాకా తీసుకెళ్ళి తీసుకురావడం మా ఆయన పని. ఆ తరువాత వాకిలి కడుక్కోవడం నా పని. గాలిదుమారం రాని రోజంటూ ఉండదు కదా అక్కడ, వాకిట్లో పిండి చల్లినట్టు దుమ్ము పరుచుకునేది, దాని మీద కార్లు వెళ్ళిన చారలు పడేవి. మా ఆయన రోజూ నడిపే ఇంతింత పెద్ద అమెరికా కారు సన్న చార వదులుతుంటే, ఈ బుల్లి కారు ఇంత లావు చార ఎందుకు వదులుతుందో అని విసుక్కుంటూ చీపురు పట్టేదాన్ని.

దండయాత్ర మొదలైన రోజు పొద్దున ఉరుముతోందనుకున్నాను. ఆగస్టులో ఉరుమేమిటని మా ఆయన మేడ ఎక్కి చూసి, దిగి వచ్చి గేటుకు గొళ్ళెం పెట్టాడు. ఆ గొళ్ళెం చప్పుడే నాకు మొదటి భయం. తరువాతి రోజుల్లో అంతా భయమే. గేటు కొట్టిన చప్పుడైతే భయం, కొట్టకపోతే ఎందుకు కొట్టలేదని భయం. సైనికులు వచ్చి పెద్ద కారు తాళాలు అడిగి తీసుకుని తోలుకుపోయారు. వీధిలో మిగిలిన కార్లను కాపాడుకోవడానికి అందరూ ఒక ఉపాయం పట్టారు, చక్రాలు ఊడదీసి దాచేయడం. మామా చెప్పగానే మా ఆయన ఎర్ర కారును ఇటుకల మీద నిలబెట్టి, రెండు చక్రాలు బియ్యం బస్తాల వెనక, రెండు మేడ మీద నీళ్ళ ట్యాంకు వెనక దాచాడు.

ఆ సమయానికే అల్ రాయ్ లో కార్లకు రంగులు వేసే షెడ్డులో పనిచేసే మా మరిది, షెడ్డు మూతపడి, సందుల్లో పడి నడుచుకుంటూ మా దగ్గరికి చేరాడు. మా మరిదికి తెలియని విషయమంటూ లోకంలో లేదు, కనీసం ఆయన లెక్కలో. రంగు వేసేవాడికి రంగు చెరపడం కూడా తెలుసునని చెప్పి, మట్టీ పాత ఇంజను నూనే కలిపి ఆ నిగనిగలాడే కారుకంతా పూశాడు. టాపుకు, అద్దాల అంచులకు, దాచిన చోటే ఉన్న చక్రాలకు కూడా వదలకుండా పూశాడు. చూస్తే ఏడుపొచ్చేలా తయారైంది. మామా కిటికీలోంచి చూసి కళ్ళు తుడుచుకుంది.

మేము బయలుదేరక తప్పని పరిస్థితికి కారణం నేను. నాకప్పుడు కడుపు. పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకు నిలిచిన కడుపు, అంతకు ముందు రెండుసార్లు నిలవక పోయింది. దగ్గర్లోని ఆసుపత్రిలో డాక్టర్లు లేరన్నారు, మందుల దుకాణాలు మూసేశారు. జోర్డాన్ దాకా వెళ్ళే బస్సుల దగ్గర తొక్కిసలాటలో ఒకసారి కిందపడి, మా ఆయన భుజం మీద వాలి ఇంటికి తిరిగి వచ్చాను. ఆ సాయంత్రం మామా ఎర్ర కారు తాళాలు తెచ్చి మా ఆయన చేతిలో పెట్టి, తను ముసలాయన్ని వదిలి ఎక్కడికీ రానని, వాళ్ళు ఎత్తుకుపోయేకన్నా ఈ పిల్ల ఎక్కిపోవడం మేలని చెప్పింది. ఒళ్ళంతా కప్పే తన నల్ల అబాయా కూడా నాకు తొడిగింది. ఆ రాత్రే మా ఆయన దాచిన చక్రాలు తెచ్చి కారుకు బిగించాడు.

షుఐబాలో ట్రక్కు నడిపే రాయచోటి చాచా ఒకాయన మనవాళ్ళందరినీ పోగుచేసి, బస్సులూ పికప్పులూ కార్లూ వరుసగా పెట్టి ఇరాక్ లోని బస్రా మీదుగా జోర్డాన్ దాకా తీసుకెళ్తున్నాడని తెలిసి, ఫర్వానియా దగ్గర ఆ వరుసలో కలిశాం. చాచాకు అరబ్బీ బాగా వచ్చు. ప్రతి తనిఖీ దగ్గరా ఆయనే దిగి మాట్లాడతాడు. ఆయన పెట్టిన నియమం ఒక్కటే.

"ఎవురికోసరమూ నిలబడేది లే, ముందే చెప్తాండా. ఇన్ని బండ్లని నేను లెక్క ఒప్పజెప్పి పోతా. ఎనకబడినోళ్ళకు నేను జవాబు చెప్పలేనబ్బా."

ఆ మాట అందరికీ చెప్పినా, ఆయన చూపు మాత్రం నా కడుపు మీద ఆగింది.

ఊళ్ళో మెల్లగా వెళ్ళినంతసేపూ కారు బుద్ధిమంతురాలిలా నడిచింది. మామా గేటు దగ్గర బాగా మలుపు తిప్పినప్పుడు మాత్రం ముందువైపు గర్రుమని ఏదో రాసుకున్న చప్పుడైంది. ఎండిన మట్టి రాలుతోందని మరిది తేల్చేశాడు. జహ్రా దాటి, ముత్లా ఎత్తు ఎక్కి, అవతలి చదునైన దారిలో పడ్డాక వరుసంతా వేగం అందుకుంది. అప్పుడు మొదలైంది. స్పీడు చూపించే ముల్లు నిలువుగా ఉన్నంతవరకూ ఏమీ లేదు, అది కాస్త కుడికి వాలిందంటే చాలు, కారు తోక పక్కకు జారడం మొదలుపెట్టేది. మా ఆయన స్టీరింగు ఇటు వెంట్రుకంత తిప్పితే మూతి జానెడు తిరిగేది, దాన్ని సరిచేసేలోగా వెనక భాగం అటు ఈడ్చేది. తాడు తెంపుకోవాలని చూసే గేదెను పట్టుకున్నట్టు ఆయన రెండు చేతులతో స్టీరింగును బిగబట్టాడు. మెల్లగా పోతే ఊగేది కాదు, కానీ ముందున్న బస్సు చిన్నదైపోయేది. అందుకోవాలంటే వేగం పెంచాలి, పెంచితే ఊగుతుంది. నేను ఒక చెయ్యి తలుపుకీ, ఒక చెయ్యి పొట్టకీ వేసుకుని, దారి పక్కన బోల్తా పడి కాలిపోయిన బండ్లు కనబడినప్పుడల్లా కళ్ళు మూసుకున్నాను.

భయపడకు, గాలి అంతే అన్నాడు మా ఆయన. ఆయనకు అబద్ధం చెప్పడం రాదు, చెప్పినప్పుడు చెవి తమ్మెలు ఎర్రబడతాయి. అప్పుడు రెండు చెవులూ ఎర్రగా ఉన్నాయి. వెనక సీటులో సామాన్ల మధ్య ముడుచుకుని కూర్చున్న మరిది ఆ గాలి మాట పట్టుకున్నాడు. గుడ్డ టాపు గాలిని పట్టి తెరచాపలా లాగుతోందని, దాన్ని మడిచేస్తే సరిపోతుందని పట్టుబట్టాడు. ఆపి మడిచాం. ఆ కాస్త ఆగినందుకే వరుసలోని చివరి బస్సు మమ్మల్ని దాటిపోయింది, కిటికీల్లోంచి మొహాలు మమ్మల్ని జాలిగా చూశాయి. మళ్ళీ బయలుదేరాం. ఊపు వెంట్రుకంతైనా తగ్గలేదు. పైగా ఇప్పుడు నెత్తిన నిప్పులాంటి ఎండ, ఒంటికి చాటు లేదు. దూరాన ఇసుకలో నిలబడ్డ ట్యాంకుల మీది మనుషులకు మేము ముగ్గురం పళ్ళెంలో పెట్టినట్టు కనబడుతున్నాం. ఎవరైనా సరదాకి తుపాకీ ఎత్తితే ఏమిటని నా బుర్ర ఒకటే అడుగుతోంది.

ఆ తరువాత ఒకసారి తోక నిజంగానే జారింది. కారు అడ్డంగా తిరిగినంత పనై, చక్రాలు కీచుమని, మా ఆయన ఎలాగో అదుపు చేసి, తారు దిగి పక్కన ఇసుకలో తిన్నగా కొంతదూరం పోనిచ్చి ఆపాడు. తలెత్తి చూస్తే దారి మీద బస్సు లేదు, దాని దుమ్ము కూడా లేదు. మేము ఒంటరివాళ్ళం అయిపోయాం. నా జీవితంలో అంత భయం అంతకు ముందు లేదు, ఆ తరువాత కూడా లేదు. పొట్టలో బిడ్డ కదలడం లేదేమోనని ఇంకో భయం. అది మాత్రం నేను వాళ్ళకు చెప్పలేదు.

అన్నదమ్ములిద్దరూ వాదనలోకి దిగారు. డిక్కీలో నీళ్ళ డబ్బాలూ పెట్రోలు డబ్బాలూ ఉన్నాయి, ఆ బరువుకే తోక ఊగుతోందని మరిది అన్నాడు. నా ఇనుప దోసె పెనం పారేయమన్నది కూడా ఆయనే, నేను దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మా ఆయన చక్రాల నట్లు ఒక్కొక్కటే పానాతో బిగించి చూశాడు, అన్నీ గట్టిగానే ఉన్నాయి. బొటనవేలితో అదిమి గాలి చూశాడు, బాగానే ఉంది. పొట్ట మీద పాకి కింద ఏదైనా విరిగిందేమోనని చూశాడు, అంతా కొత్తదానిలా ఉంది. ఇంక చూడవలసిందేమీ మిగల్లేదని లేచి నిలబడి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, నా వైపు చూడకుండా దారి వైపు చూశాడు. మెల్లగానే పోదాం, దేవుడున్నాడు అన్నాడు. మెల్లగా పోతే ముందున్న తనిఖీ దగ్గర చాచా ఉండడని మా ముగ్గురికీ తెలుసు.

నడుము సాగదీసుకుందామని కారు వెనక్కి నాలుగడుగులు నడిచాను. నడుస్తూ అలవాటు కొద్దీ నేల చూశాను. ఏళ్ళ తరబడి పొద్దున్నే లేచి వాకిట్లో చారలు చూసిన కళ్ళు కదా. మేము వచ్చిన జాడ ఇసుకలో శుభ్రంగా పడి ఉంది. అందులో ఏదో తేడా ఉంది, ఏమిటో వెంటనే తోచలేదు. మామా వాకిట్లో ఆ కారు వదిలేది ఒక్కటే చార, అంచులు తెగిన లావు చార. ఇక్కడ లావు చార ఉంది, దాని నడుమ దాన్ని తొక్కుకుంటూ ఇంకో సన్న చార ఉంది. ముందు వెళ్ళిన చక్రాన్ని వెనక వచ్చే చక్రం తొక్కుతుంది కదా. అంటే లావు చక్రం ముందుంది, సన్నది వెనకుంది. వాకిట్లో లావు చార సన్నదాన్ని పూర్తిగా చెరిపేసేది గనకనే నాకు ఒక్కటే కనబడేది.

కేకపెట్టి ఇద్దరినీ పిలిచి వేలితో చూపించాను. మా ఆయన వంగి చూసి, పరుగున వెళ్ళి ముందు చక్రం మీది మట్టి గోకి జానతో కొలిచాడు, వెనకదాన్ని కొలిచాడు. మళ్ళీ ముందుదాన్ని కొలిచాడు. రోజూ నడిపే పెద్ద కారుకు నాలుగు చక్రాలూ ఒకటే, అరిగినప్పుడు ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్చడం ఆయనకు అలవాటు. ఏ చక్రం ఎక్కడైనా పడుతుందనుకునే డ్రైవరు చేతులు, బియ్యం బస్తాల వెనకవి ముందు దొరికితే ముందుకు, మేడ మీదవి తరువాత దిగితే వెనక్కి బిగించేశాయి. తేడా కనబడకుండా మరిది అన్నింటికీ సమానంగా మట్టి పూశాడు. ఇలాంటి కారుకు జోరంతా వెనక చక్రాలకే పోతుంది, నేలను గట్టిగా పట్టుకోవలసిన వెడల్పు చక్రాలు వెనక ఉండాలి, అవి ముందుకు వెళ్ళిపోతే మూతికి పట్టు ఎక్కువై తోకకు పట్టు లేకుండా పోతుందని మరిది అప్పుడు వివరించడం మొదలుపెట్టాడు. మా ఆయన జాకీ తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పడేశాడు.

ఇసుకలో జాకీ నిలవలేదు, ఎత్తుతున్నకొద్దీ దిగబడింది. అప్పుడు నా దోసె పెనమే దాని కింద పెట్టారు. స్టెప్నీని మధ్యలో తాత్కాలికంగా వాడుకుంటూ ఒక్కో పక్కా మార్చడం మొదలుపెట్టారు. ఒక పక్క పూర్తయి, రెండో పక్క ముందు చక్రం ఊడదీసి ఉన్న సమయంలో సైనికుల జీపు వచ్చి ఆగింది.

దిగినవాడు కుర్రాడే, మీసం సరిగా మొలవలేదు. తుపాకీ మాత్రం సరిగానే ఉంది. నేను తలుపుకు ఆనుకుని నిలబడి ఉన్నాను, నా చేతి చెమటకు తలుపు మీది మట్టి కరిగి అరచెయ్యంత ఎర్రరంగు బయటపడి మెరుస్తోంది. ఆ ఎరుపు వాడి కంట పడితే కారు పోయినట్టే, కారు పోతే మేము పోయినట్టే. మెల్లగా జరిగి వీపుతో దాన్ని కప్పేశాను. ఎండలో కాగిన రేకు అబాయాలోంచి వీపును కాల్చేస్తోంది, కదల్లేదు. వాడు కారు చుట్టూ తిరిగాడు, ఇండియావాళ్ళా అన్నట్టు "హిందీ?" అని అడిగాడు, మా ఆయన తల ఊపి, చక్రం లేని చోటు చూపించి, ఖర్బాన్, చెడిపోయిందని రెండు చేతులూ జోడించాడు. కుర్రాడు ఊడిన చక్రాన్ని బూటుతో ఒక తన్ను తన్ని, నా పొట్ట వైపు ఒకసారి చూసి, జీపులోవాళ్ళతో ఏదో అని నవ్వి ఎక్కేశాడు. జీపు కనుమరుగయ్యాక మరిది ఇసుకలో చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అన్నీ తెలిసిన మనిషి ఏడుస్తుంటే నాకు ఆయన మీద మొదటిసారి ప్రేమ పుట్టింది.

చక్రాలు వాటి వాటి చోట్ల పడ్డాక ఆ కారు నడిచిన తీరు ఏమని చెప్పను! ముల్లు కుడికి వాలింది, ఇంకా వాలింది, కారు నేలకు అతుక్కుపోయినట్టు తిన్నగా దూసుకుపోయింది. గాలికి నా కళ్ళలో నీళ్ళు కారుతున్నాయి, గాలికే అని చెప్పుకున్నాను. ఆ వేగంలోనే ఎక్కడో పొట్టలో బిడ్డ ఒక్క తన్ను తన్నింది. ఇరాక్ సరిహద్దు తనిఖీ దగ్గరికి చేరేసరికి బస్సులన్నీ వరుసగా ఆగి ఉన్నాయి. ఎవరికోసమూ నిలబడనన్న చాచా, పికప్పు బానెట్టు ఎత్తి, లేని మరమ్మతు ఏదో చేస్తున్నట్టు నటిస్తూ, చేతులకు నూనె పూసుకుని నిలబడి ఉన్నాడు.

"యాడ సచ్చినార్రా మీరు! ఇంగ కొంచేపుంటే ఈ ఇంజను నిజంగానే ఇప్పి పెడ్తాంటి గదరా!" అని తిట్టి, నా మొహం చూసి, "నీళ్ళు తాగుమ్మా" అన్నాడు.

మరునాడు జోర్డాన్ సరిహద్దులో ఆ కారును వదిలేయమన్నారు. మా ఆయన టాపు వేసి, తలుపులు మూసి, సొంత బిడ్డను బడిలో దింపినట్టు దాన్ని ఒక గోడ నీడకు చేర్చి వచ్చాడు. గుడారాల్లో కొన్నాళ్ళు, తరువాత విమానం, తరువాత కడప. ఆ చలికాలంలో నాకు ఆడపిల్ల పుట్టింది. బిడ్డ క్షేమం, మేము క్షేమం, కానీ మా ఆయన భయం మాత్రం తీరలేదు. వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ కారు అన్యదేశంలో వదిలేసి వచ్చాను, రేపు మామాకు ఏ మొహం పెట్టుకుని జవాబు చెప్పాలని రాత్రీ పగలూ అదే ధ్యాస. యుద్ధం ముగిసి, దారులు తెరుచుకుని, ఆయన తిరిగి ఆ గేటు ముందు నిలబడినప్పుడు, దారి పొడుగునా నేర్చుకున్న క్షమాపణ మాటలు చెప్పే పనే పడలేదట. మామా బాగా చిక్కిపోయింది, ముసలాయన లేడు. ఆయన్ను చూడగానే ఆమె అడిగింది ఒక్కటే, "ఆడపిల్లా, మగపిల్లాడా?" అని. కారు ఏమైందని ఆ రోజూ అడగలేదు, ఆ తరువాత బతికి ఉన్నన్నాళ్ళూ అడగలేదు.

ఇప్పుడు దారులు బాగుపడ్డాయి, కార్లు నీళ్ళ మీద పడవల్లా పోతున్నాయి, చక్రంలో గాలి తగ్గితే కారే చెబుతుందట. మా అమ్మాయి ఒక్కతే బెంగళూరు దాకా నడుపుకుంటూ వెళ్ళొస్తుంది. ఈ కథ చెబితే శ్రద్ధగానే వింటుంది, చివర్లో ఎంత సాహసం చేశారమ్మా అంటుంది. సాహసం కాదే తల్లీ, భయం, వట్టి భయం అని చెబుతాను, ఆమెకు అర్థం కాదు, అర్థం కాకపోవడమే మంచిది. మామా పోయింది, చాచా పోయాడు, మరిది పోయాడు, పోయిన ఏడు మా ఆయనా వెళ్ళిపోయాడు. మంచి రోజుల్లో నాతో కలిసి నవ్వినవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. నాతో కలిసి భయపడ్డవాళ్ళే ఒక్కరూ మిగల్లేదు.